పత్తిచేలో భ్రమరకీటన్యాయం

"మందు కొట్టించొద్దక్కా" అన్నాను. అన్న మరుక్షణమే భయమేసింది.

గురజాల పక్క ఊళ్లో అక్క కౌలుకు చేస్తున్న పత్తి అది. అవి ఎనభైల నాటి మాటలు. ఎంత మందు కొట్టించినా లద్దెపురుగు చావకుండా ఆకుల్ని జల్లెడ చేస్తోంది. ఈ చేను పోతే మళ్లీ ఆమెకు కౌలిచ్చేవాడు లేడు.

అక్క ఒక ఆకు నా ముఖం ముందు పెట్టింది. దానిమీద కొనప్రాణంతో ఒక పురుగు, దాన్ని అంటుకుని నూకల్లాంటి తెల్లటి గూళ్లు.

"చూడరా, గుడ్లు గూడా పెట్టింది. ఇయ్యన్నీ పగిల్తే నా గతేంది?"

"పురుగు గుడ్లు పెట్టుద్దా అక్కా, పెట్టేది రెక్కలొచ్చాక గదా? ఇయ్యి కందిరీగ జాతి సన్న ఈగల గూళ్లు. వాటి పిల్లలు పురుగును లోపల్నుంచే తిని, బయటికొచ్చి ఈ గూళ్లు కడతయ్. మందు కొడితే ముందు చచ్చేది ఆ ఈగలే."

"చదివావా, చూశావా?"

చదివాను. చూడలేదు. దేవుణ్ణి చూశారా అని సభల్లో ఎందరినో నిలదీసినవాణ్ణి.

"శనివారం దాకా చూస్తా" అంది అక్క.

ఆ ఆకును గాజుసీసాలో వేసి మూతికి పల్చటి గుడ్డ కట్టాను. చుట్టుపక్కల చేలన్నీ మందు కంపు. అక్క నాతో మాట్లాడటం మానేసింది.

శనివారం పొద్దున గుడ్డ కింద నల్లటి ఈగలు, చీమల కన్నా చిన్నవి, గిరగిరా తిరుగుతున్నాయి. పక్కింటి మామ పురాణం చెప్పే మనిషి. సీసాలోకి తొంగిచూసి మురిసిపోయాడు.

"ఒరేయ్ నాస్తికుడా, భ్రమరకీటన్యాయమంటే ఇదేరా! తుమ్మెదను తలుచుకుని తలుచుకుని పురుగే తుమ్మెదయింది."

"తలుచుకోటమేంది మామా, దాన్ని తినేసినయ్. అడుగున తోలు చూడు."

"భక్తంటే అదేరా. ఒళ్లు మిగలదు."

నేను వాదానికి గొంతు సవరించుకున్నాను.

"మీ వాదాలు తగలెయ్య!" అని అక్క మధ్యలోకొచ్చింది. "చేలో ఇట్టాంటియ్యి ఎన్నున్నయో చూద్దాం పదండి."

చేలో తెల్లగూళ్ల పురుగులు చానా కనిపించాయి. గూళ్లు లేకుండా ఆకు నములుతున్నవీ ఉన్నాయి. పంపు వీపుకెత్తుకున్న కూలీ గట్టుమీద నిలబడి, "కొట్టమంటావా?" అని అరిచాడు. అక్క నావైపు చూసింది. కొట్టించొద్దని మొదట అన్నంత ధాటిగా ఈసారి అనలేకపోయాను.

"ఇయ్యాలకి పోరా" అందామె అతనితో. నాకూ మామకూ చెరొక కిరసనాయిలు డబ్బా ఇచ్చింది. "గూడున్నదాన్ని ముట్టబాకండి. లేనిదాన్ని ఏరి దీంట్లో వెయ్యండి."

నడుములు విరిగేలా రోజుల తరబడి ఏరాం. చేను నిలిచింది. నిలిపింది ఈగలా మా చేతులా అన్నది ఒక్క చేనును చూసి తేల్చలేను. అంతా భ్రమరకీటన్యాయమేనని మామకు మాత్రం ఏ అనుమానమూ లేదు.