గని రిజిస్టరులో మా నాన్న మరణం

రెండువేల మూడులో, వలస వచ్చిన మా కుటుంబ వంశక్రమం రాయబూనాను. అమ్మానాన్నలు నా పసితనంలోనే పోయారు కనుక కాగితాలే ఆధారం. నేను పుట్టడానికి రెండేళ్ల ముందే నాన్న ప్రమాదంలో మరణించారని ఇల్లందు బొగ్గుగని రిజిస్టరు చెప్పింది. నా బడి రిజిస్టరులో తండ్రిగా పెళ్లికాని పెదనాన్న పేరుంది. రెండు నకళ్లూ పక్కపక్కన చూసిన రోజు అన్నం సహించలేదు. మా అమ్మ మీద ఇంత నింద మోపే అధికారం ఆ గుమాస్తాలకు ఎవరిచ్చారు?

పర్ణశాల అనే ఊళ్లో ఉన్న మేనత్తను అడిగాను.

"ఆ పొద్దు మీ నాయనకు జరం. నాగా పెడితే కొలువు పోతదని మీ పెదనాయన తమ్ముని ఇత్తడి హాజరు బిళ్ల పట్టుకొని గనిల దిగిండు. కప్పు కూలి ఆడనే పోయిండు. బిళ్ల మీది నంబరు చూసి మీ నాయన సచ్చిండని రాసుకున్నరు. గప్పటి సంది మీ నాయన అన్న పేరు మీదనే పనిజేసిండు."

"అయితే నేను నాన్న బిడ్డనేనా, అత్తా?"

"అవ్. గిన్ని కాగితాలు తిరగేసినవ్, ఇంట్ల అద్దం లేదా? ఆ ముక్కు మీ నాయనదే."

పెదనాన్న మరణం అంతవరకూ ఏ పుస్తకానికీ ఎక్కలేదు. తిరుగు బస్సులో దాన్ని నా నోటుబుక్కులో రాసి, ఇంటికి చేరి కడుపునిండా తిన్నాను.