మల్లయ్య ఈల

1959 వేసవిలో తాండూరు సర్కారు దవాఖానకు అసిస్టెంట్ సర్జన్‌గా వచ్చాను. గుల్బర్గా జిల్లా నుంచి విడిపోయి తాండూరు మా తెలుగు వైపుకు చేరి అప్పటికి ఎన్నాళ్లో కాలేదు. వరండాలో పొద్దుటినుంచే తెలుగు, కన్నడం, ఉర్దూ కలగలిసి వినిపించేవి. ఆ వరండా నాపరాళ్ల చల్లదనం ఇప్పటికీ అరికాళ్లకు గుర్తుంది. నేనొక్కణ్ణే డాక్టరును. సాయానికి ఒక కంపౌండర్. చేతి చురుకుదనం మీద నాకు కాస్త గర్వం కూడా ఉండేది.

వానాకాలంలో దౌల్తాబాద్ వైపు పల్లె నుంచి మల్లయ్య అనే గొర్లకాపరి, భార్య ఎల్లమ్మతో వచ్చాడు. ఎడమ చెవి ముందు పెద్ద వాపు, జ్వరం. అక్కడి లాలాజల గ్రంథిలో చీము పట్టింది. కోసి తీయాలి.

ముఖాన్ని కదిలించే నాడి ఆ గ్రంథిలోంచే పోతుంది. చెవి వెనుక ఎముకలోని చిన్న రంధ్రం నుంచి బయటికొచ్చి, గ్రంథిలో కొమ్మలుగా చీలుతుంది. మా అనాటమీ మాస్టారు మణికట్టును చెవి కింద ఆనించి, వేళ్లు విడదీసి చెంప మీద పెట్టుకుని చూపించేవారు. పై వేలు కణతకు, తర్వాతిది కంటికి, నడిమిది చెంపకూ పెదవులకూ, నాలుగోది దవడ అంచుకు, చివరిది మెడకు. అందుకే కత్తితో చర్మం మాత్రమే కోసి, లోపల మొద్దు మొన పటకారుతో, కొమ్మల దారి వెంటే తెరవాలి.

ఇదంతా తెలిసీ, బయట జనం ఎదురుచూస్తున్నారని, కత్తినే లోతుకు దింపాను. చీము వచ్చింది. జ్వరం దిగింది. మర్నాడు కట్టు మారుస్తుంటే మల్లయ్య నవ్వాడు. నోరు కుడివైపుకు లాగింది.

నుదురు ముడవమన్నాను, ముడిచాడు. కళ్లు గట్టిగా మూశాడు. అంటే మొదలు క్షేమం, దెబ్బ తగిలింది నడిమి కొమ్మకు. ఈల వేయమన్నాను. ఎడమ మూల నుంచి గాలి బుస్సుమని పోయింది.

"మంచిగయింది సారూ, ఇగ నాకు తిట్లు సగమే వస్తయి" అని ఎల్లమ్మ నవ్వింది.

"నీకు నవ్వులాటనే. ఈల లేకుంటే గొర్లు నా మాట ఇంటయా?" అన్నాడు మల్లయ్య.

చేల గట్ల వెంట మేపేటప్పుడు మందను మళ్లించేది ఆ ఈలే. నేను వాళ్ల ముఖాలు చూడలేక, "వాపు నరాన్ని ఒత్తింది, వారంల సర్దుకుంటది" అన్నాను. కత్తి తగిలిన నాడికి నెలలు పడుతుందనీ, ఒక్కోసారి అసలే కోలుకోదనీ నాకు తెలుసు.

అతను నమ్మాడు. ప్రతి సంత రోజూ వచ్చేవాడు. నేను ఇంకో వారం అనేవాణ్ణి. ఊళ్లో చెవి వెనక వాత పెడతామంటే, డాక్టర్ సాబ్ మాట ఉందని వద్దన్నాడట.

ఒక సంతకు ఎల్లమ్మ ఒక్కతే వచ్చింది. మంద జొన్నచేలో పడిందని, ఎంత ఊదినా మళ్లలేదని, చేనాయన దాన్ని బందెలదొడ్డికి తోలించాడని చెప్పింది. విడిపించుకోవడానికి మంచి పొట్టేళ్లను అమ్ముకున్నారు. "రాత్రిపూట గూడ ఊదుతనే ఉంటడు సారూ. ఇంకెన్ని వారాలు?" అంది. ఈసారి ఆమె నవ్వలేదు.

ఆ వారమే మల్లయ్యను రైల్లో వికారాబాద్ తీసుకుపోయి మా సీనియర్ సర్జన్‌కు చూపించాను. నన్ను పక్కకు పిలిచి, లోపల తెరిచింది కత్తితోనా పటకారుతోనా అని అడిగారు. చెప్పాను. చెంపలో కొమ్మలు ఒకదానితో ఒకటి కలుస్తాయి కనుక చలికాలానికి కొంత కదలిక రావచ్చు, రాకపోనూ వచ్చు అన్నారు. ఈ మాట రోగికి చెప్పావా అని అడిగారు. అక్కడే, ఆయన ఎదుటే, మల్లయ్యకు జరిగింది జరిగినట్టు చెప్పాను.

కోసినందుకు అతను తప్పు పట్టలేదు. "నెలలని మొదలే చెప్తే అయిపోతుండె గద సారూ! డబ్బ కొట్టి గొర్లకు అలవాటు చేసుకుంటుంటి. మీరు వారం వారం అంటిరి, నేను ఊదుకుంట కూసుంటి" అన్నాడు. ఆ తర్వాత మళ్లీ దవాఖానకు రాలేదు.

చలికాలంలో టీకాల పని మీద దౌల్తాబాద్ పోతూ దారిలో అతని మందను చూసి జీపు ఆపించాను. భుజాన కర్ర, దానికి వేలాడే రేకు డబ్బా. నన్ను చూసి, అడక్కుండానే పెదవులు ముడిచి ఈల వేశాడు. సన్నగా, కాస్త వంకరగా, వచ్చింది. ఒక్క గొర్రె తలెత్తలేదు. డబ్బా మీద టంగుమని కొట్టాడు, మందంతా మళ్లింది.

"నాకు వచ్చింది గని, గీటికి మతికి లేదు" అన్నాడు. అప్పుడు మాత్రం ఇద్దరం నవ్వుకున్నాం.

పటకారు సంగతి పుస్తకంలో ఉన్నదే. ఆ తర్వాత ఎన్నడూ ఆ పద్ధతి తప్పలేదు. పుస్తకంలో లేనిది మల్లయ్య దగ్గర నేర్చుకున్నాను. బాగవడానికి ఎంత కాలం పడుతుందో తెలిస్తేనే రోగి ఈలోగా బతికే దారి చూసుకోగలడు. రిటైరయ్యేదాకా, కత్తి పట్టే ముందు ఏం పని చేస్తావని అడిగాను. నెలలు పట్టేదానికి నెలలనే చెప్పాను.