మిరపకాయల ప్రచారం

ఈ రోజు మధ్యాహ్నం ఇబ్రహీంపట్నంల మా పార్టీ తరఫున ఇంటింటికి తిరిగినం. జనం సగం తలుపు తెరిచి, కరపత్రం తీసుకొని, మళ్ల మూసుకున్నరు. మా వార్డు ఇన్‌ఛార్జి శీనన్న కష్టపడి తయారుచేసుకున్న ఉపన్యాసం ఒక్కరు గూడ పూర్తిగ వినలే.

యాదమ్మ పెద్దమ్మ ఇంటి ముందట శీనన్న "మా పార్టీ ధ్యేయం..." అని మొదలువెట్టిండో లేదో, చినుకులు పడ్డయి. వాకిట్ల ఆమె ఏడాదికి సరిపడ మిరపకాయలు ఎండవోసి ఉన్నయి.

"ధ్యేయం తర్వాత చెప్దువు గని బిడ్డా, ముందు గా టార్పాలిన్ కొస పట్టు!" అని అరిచింది.

అందరం ఉరికి, తుమ్ముకుంట, దగ్గుకుంట కాయలన్నీ లోపలికి చేరేసినం. ఒక్కటి గూడ తడవలే. వాన తగ్గేదాక అరుగు మీదనే కూసున్నం. పెద్దమ్మ చాయ్ పోసింది, ఇరుగుపొరుగోళ్లు గూడ వచ్చిండ్రు. అన్న ఉపన్యాసం పక్కన వెట్టి, "మీ గల్లీల ఏం ఇబ్బందున్నది?" అని అడిగిండు. నల్లా నీళ్లకాడికెళ్లి వీధిలైట్ల దాక వాళ్లు చెప్పుకుంట పోయిండ్రు, మేం విన్నం. ఇన్ని రోజుల ప్రచారంల గింత మంచిగ ఎన్నడూ అనిపించలే.

లేచేటప్పుడు అన్న ఆశగ అడిగిండు: "మరి ఓటు మాకేనా పెద్దమ్మా?"

"గది చెప్ప. రేపు చింతపండు ఎండవోస్త, మబ్బు పడితే జర వచ్చిపోండ్రి."

మీ ఇంటికొచ్చిన పార్టీలోళ్లతోని మీరేం పని చేయించుకున్నరో చెప్పుండ్రి!