కెప్టెన్ గారి సొంతిల్లు

శిష్యుడు తెచ్చిన కాగితాల్లో ఆఖరి వరుస దగ్గర కెప్టెన్ గారి భార్య చూపు ఆగిపోయింది. "స్వగృహం. కెప్టెన్ గారి చివరి కట్టడం."

వచ్చే ఆదివారం ఆయన సంస్మరణ సభ. ఆయన కట్టిన బడులు, ఆసుపత్రులు, ఇళ్లు అన్నీ కలిపి చిన్న పుస్తకం వేస్తున్నారు. శిష్యుడంటే కుర్రాడేం కాదు, బట్టతల వచ్చి, సొంత ఆఫీసు పెట్టుకున్న ఆర్కిటెక్టు. "రేపు పొద్దున్నే అచ్చుకి ఇచ్చెయ్యాలమ్మా, ఒక్కసారి చూసి సరే అనండి," అన్నాడు.

సరే అనడానికి ఆవిడకి నోరు రాలేదు. కాదనడానికీ రాలేదు. మొగుడు పోయి నెల కాలేదు, ఆయన పేరు కొట్టెయ్యడానికి చెయ్యెలా వస్తుంది? కానీ ఈ ఇల్లు ఆయన గీసింది కాదు, ఆవిడ గీసింది. పుట్టి బుద్ధెరిగాక ఆవిడ గీసింది ఇదొక్కటే.

"కూర్చో నాయనా, చెబుతాను," అంది. పైకి చెప్పింది కొంత, మనసులోనే తిరిగింది ఇంకా ఎంతో.

అబ్బో, కెప్టెన్ గారిది మామూలు నోరా! సైన్యంలో వంతెనలు కట్టే దళంలో పనిచేసి, కుడి చెవి అక్కడే వదిలేసి వచ్చి, ముప్పై దాటాక ఆర్కిటెక్చర్ చదివారాయన. ఆ చెవుడు కూడా ఆయనకి కలిసొచ్చింది. పేచీకోరు ఎవడైనా ఆఫీసుకి వస్తే కుడివైపు కుర్చీ చూపించేవారు. "ఇటు కూర్చుని చెప్పండి, నాకు చాలా హాయిగా ఉంటుంది!"

ఇల్లు కట్టించుకునేవాళ్లకి ప్లాను కాగితం ఇచ్చి ఊరుకునే రకం కాదు. ఖాళీ స్థలంలో సున్నపు పొడితో ఇల్లంతా అసలు కొలతల్లో గీసి, మొగుడూ పెళ్లాలిద్దర్నీ అందులో నడిపించేవారు. "అమ్మా, మీ చేతిలో కాగే పాలగిన్నె ఉంది. ఎక్కడ దించుతారు? అయ్యా, మీరు అలిగారు. ఏ గదిలోకి పోతారు?" అలగడానికో మూల లేకుండా ఆయన ఒక్క ఇల్లూ కట్టలేదు.

ఇంట్లో మాత్రం తక్కువ తిన్నారా! ఆడపిల్లలిద్దరికీ స్కేలు పెట్టి పాపిడి తీసేవారు. "అర అంగుళం జరిగింది, కూల్చి మళ్లీ కడదాం," అని జడ విప్పేసేవారు. బడికి ఆలస్యమై పిల్లల ఏడుపు, ఆయన నవ్వు, మధ్యలో ఈవిడ కేకలు.

అంతమందికి ఇళ్లు కట్టిన మనిషి పెళ్లాన్ని మాత్రం పదకొండు అద్దె కొంపలు తిప్పారు. ఊరందరికీ శకునం చెప్పిన బల్లి కుడితి తొట్లో పడ్డట్టు! ఒకచోట వంటగదిలో మనిషి నిలబడితే తలుపు తెరుచుకోదు. ఇంకోచోట పైవాళ్లు స్నానం చేస్తే వీళ్ల గోడకి చెమ్మ. స్థలం కొని ఇరవై ఏళ్లయింది. పద్నాలుగు ప్లాన్లు గీశారు, పద్నాలుగూ చుట్టి బీరువా మీద పడేశారు. అడిగితే, "ఇల్లు కట్టి చూడు, పెళ్లి చేసి చూడు అన్నారు కదోయ్. పెళ్లయితే చూశాను, ఇంకా తేరుకోలేదు," అనేవారు. మళ్లీ అడిగితే కుడి చెవి ఇటు తిప్పేవారు. ఆవిడకి ఒళ్లు మండిపోయేది. ఏడ్చేది కూడా, అబద్ధమెందుకు! గోడకి మేకు కొట్టాలన్నా ఎవరి అనుమతో అడిగే ఈ బతుకు ఇలాగే తెల్లారిపోతుందేమోనని భయం.

ఆయనకి గుండె జబ్బు వచ్చి ఆఫీసు మానేసిన ఏడాది ఆవిడ తెగించింది. సున్నపు పొడి సంచి పట్టుకుని స్థలానికి వెళ్లి, నడుం బిగించి తనే ఇల్లు గీసేసింది. సాయంత్రం ఆయన్ని తీసుకెళ్లి చూపించింది.

ఆయన చేతికర్ర పోటేసుకుంటూ ఒక్కో గదీ తిరిగారు. స్నానాల గది దగ్గర ఆగారు. "ఏమోయ్, దీనికి తలుపేదీ? రోజూ గోడ దూకాలా?"

నిజమే, మర్చిపోయింది! ఇద్దరూ పొట్ట పట్టుకుని నవ్వారు. వంటగదిలో, పొయ్యి పక్కన, చిన్న చదరం ఒకటి గీసి ఉంది.

"ఇదేమిటి?"

"మీ కుర్చీ. అక్కడ కూర్చుంటే మీ ఎడమ చెవి నా వైపుంటుంది. ఇక తప్పించుకోలేరు."

ఆయన నవ్వలేదు. ఆ గీతల మధ్యే నేల మీద కూలబడ్డారు. సైన్యంలో కట్టిన వంతెన సంగతి అప్పుడు చెప్పారు, అదే మొదటిసారి. తొమ్మిది రోజుల్లో కట్టారట. పిల్లలు దాని మీదుగా బడికి కూడా వెళ్లారట. పదో రోజు, శత్రువు వస్తున్నాడు పేల్చెయ్యమని హుకుం. మీట నొక్కింది ఆయనే. చెవి పోయిందీ అప్పుడే.

"ఊళ్లోవాళ్ల కోసమైతే చెయ్యి ఆడుతుంది. మన కోసం అనుకోగానే, కట్టాక ఎవడో వచ్చి కూల్చమంటాడనిపిస్తుంది. పిచ్చని తెలుసు. అయినా చెయ్యి కదలదోయ్."

"ఆ ముక్క ముందే చెప్పి తగలడొచ్చుగా!" అంటూ పక్కనే చతికిలబడి భోరుమంది. తేరుకున్నాక, "మీరు గీయకండి. ఊరికే ఉండండి. నేను కట్టిస్తాను," అంది.

అన్నట్టే మేస్త్రీతో రోజూ పోట్లాడి కట్టించింది. ఆయన ఒక్క గీత గీస్తే ఒట్టు! వెక్కిరింపులకి మాత్రం లోటు చెయ్యలేదు. "ఈ వరండాలో రైలు ఎన్నింటికి ఆగుతుంది?" అని మేస్త్రీని అడిగేవారు. ఆ ఇంట్లో ఏడాదిన్నర ఉన్నారు. ఒక మధ్యాహ్నం భోంచేసి కునుకు తీశారు, మళ్లీ లేవలేదు.

శిష్యుడు కళ్లు తుడుచుకున్నాడు. "కానీ అమ్మా, అనుమతికి పెట్టిన ప్లాను మీద సంతకం గురువుగారిదే కదా?"

"సంతకానికేం నాయనా, పిల్లల మార్కుల కాగితాల మీదా ఆయనే పెట్టేవారు. చదివింది పిల్లలే కదా."

కలం తీసుకుంది. ఆయన్ని ఇంకోసారి సాగనంపుతున్నట్టే అనిపించింది. అయినా ఆ వరుస కొట్టేసింది.

"మరి ఈ ఇంటి గురించి ఏమీ ఉండొద్దా అమ్మా?" అన్నాడు శిష్యుడు.

"ఎందుకుండొద్దు? రాసుకో. కెప్టెన్ గారు ఊరందరికీ ఇళ్లు కట్టారు. ఆయనకి మాత్రం పెళ్లాం కట్టిపెట్టింది. అందులో ఏడాదిన్నర భయం లేకుండా నిద్రపోయారు."