సిద్దిరాములు భర్మారు

దేవవ్వను ఎంత దూరం నుంచైనా గుర్తుపట్టవచ్చు. ఎడమ భుజం కుడి భుజం కన్నా కిందికి వాలి ఉంటుంది. అది పుట్టుకతో వచ్చింది కాదు, మగ్గం పెట్టిన వంకర. ఎవరైనా అడిగితే "గట్లనే ఉంటది తియ్" అని పనిలో పడేది.

ఆ మగ్గం ఆమె భర్త సిద్దిరాములుది. అతనిది ఎడమచేతి వాటం. మెట్‌పల్లి చుట్టుపక్కల ఏ సాలెవాడలో చూసినా నూలు కండె ఉండే నాడెను అటూ ఇటూ ఉరికించే తాడు నేతగాడి కుడిచేతికి అందేలా ఉంటుంది. సిద్దిరాములు మాత్రం తన మగ్గానికి ఎడమచేతికి అందేలా కట్టుకున్నాడు. వాడంతా నవ్వినా మార్చలేదు.

రజాకార్ల రోజుల్లో ఊరి పటేలు తన ఇంట్లోని భర్మార్లు తీసి కాపలా మగవాళ్లకు పంచాడు. మూతిలోంచి మందూ గుండ్లూ కూరి పేల్చే పాతకాలపు నాటు తుపాకులవి. సిద్దిరాములుకూ ఒకటి వచ్చింది. తుపాకి పట్టాడన్న పేరేగాని, పేల్చడం అటుంచి మందు కూరడమే చేతకాలేదు. తెచ్చిన రోజే, నేసేటప్పుడు కాళ్లు పెట్టుకునే మగ్గం గుంటలో జారవిడిచి వెనక చెక్క పగలగొట్టాడు.

"రజాకార్లు నీ తుపాకికి సావరు. నిన్ను చూసి నవ్వి నవ్వి సస్తరు," అంది దేవవ్వ.

అన్నందుకు తర్వాత ఎంతో ఏడ్చింది. ఆ నెలలోనే రజాకార్లు ఊరి మీద పడ్డారు, జనం తలో దిక్కు ఉరికారు. సిద్దిరాములు తుపాకితో సహా గోదారి వైపు పోవడం చూసినవాళ్లున్నారు. తర్వాత మిలటరీ వచ్చింది, నిజాం రాజ్యం పోయింది, పారిపోయినవాళ్లంతా ఒక్కొక్కరే ఇల్లు చేరారు. సిద్దిరాములు చేరలేదు.

పిల్లలు లేరు. పుట్టింటివాళ్లు రమ్మంటే పోలేదు. అప్పటిదాకా కండెలు చుట్టడమే ఎరిగిన మనిషి భర్త మగ్గం గుంటలోకి దిగి కూర్చుంది. మరిది దశరథం మంచివాడు. "వదినె, తాడు కుడిదిక్కు కడత. నీకు అలకగ ఉంటది," అన్నాడు. వద్దంది. ఆయన వస్తే మళ్లీ ఎవరు మారుస్తారు అంది. తనది కాని చేతితో తాడు గుంజడం నేర్చుకుంది. మొదట్లో భుజం వాచేది. తర్వాత వాపు తగ్గి నొప్పి మిగిలింది. అది ఆమెతోపాటే నిద్రలేచేది.

ఏళ్లు గడిచాయి. పన్నెండేళ్లు నిండితే ఆచూకీ లేని మనిషికి దర్భబొమ్మ చేసి కర్మ చేయాలన్నారు కులపెద్దలు. దేవవ్వ ఒప్పుకోలేదు. పసుపుకుంకుమల మీది మమకారమే కాదు ఆమెది. వాడలో ఎవరు కొత్త పడుగు ఎక్కించినా మగ్గానికి తొలి పసుపు ఆమె చేతే పెట్టించేవారు. చెయ్యి మంచిదని పేరు. అంత బతుకులో ఆమెకు దక్కిన గౌరవం అదొక్కటే, దాన్ని ఒక గడ్డిబొమ్మకు ఇచ్చేయడానికి మనసు రాలేదు.

అలాంటి రోజుల్లో గోదారి అవతల ఖానాపూర్ ఠాణా నుంచి కబురొచ్చింది. అడవిలో తేనెపట్టు కోసం గుట్ట దిగిన ఒక గోండు మనిషికి బండసందులో భర్మారు దొరికిందట. చెక్క మీది ఇత్తడి బిళ్ల పటేలింటిదని తేలింది. అది ఎవరికి ఇచ్చావని అడిగితే, లెక్కకు రానిది సిద్దిరాములుదొక్కటే అన్నాడు పటేలు. వచ్చి గుర్తుపట్టమన్నారు.

దశరథం, దేవవ్వ బస్సెక్కి, గోదారి ఒడ్డున దిగి, పడవలో కూర్చున్నారు. నీళ్లు తక్కువగా ఉన్నాయి. పడవ ఎక్కినట్టే లేదు, అవతలి ఒడ్డు వచ్చేసింది. గోదారి అంటే ఎంత దూరమో అనుకుంది ఇన్నాళ్లూ. అయినా ఆమె ఒక నిర్ణయంతోనే బయల్దేరింది. ఏం చూపించినా కాదనాలి. అవునంటే మనిషి పోయినట్టే, ఆ పూటే గాజులు పగలగొడతారు. కాదంటే ఇంకా కొన్నేళ్లు నెట్టుకురావచ్చు. దారిపొడవునా ఆ ఒక్క మాటే మనసులో అనుకుంటూ పోయింది.

ఠాణా జమేదారు అంతయ్య పెద్దమనిషి. బల్ల మీద గోనెపట్టా పరిచి తుపాకి పెట్టాడు.

"జర నిమ్మలంగ చూసి చెప్పు అవ్వా. మీ ఆయన పట్కపోయింది గిదేనా? ఫికర్ చెయ్యకు. కాకుంటే కాదని చెప్పు."

గొట్టం తుప్పుపట్టి ఎర్రబారింది. వెనక చెక్క మూల విరిగి ఉంది. ఆ విరుగును చూడగానే మగ్గం గుంట, ఆ రోజు నవ్వు, అన్నీ గుర్తొచ్చాయి. అయినా కాదనడానికే నోరు తెరిచింది.

అప్పుడు భుజానికి తగిలించుకునే పట్టీ కనిపించింది. మాసి నల్లబడిన పాతగుడ్డ. జమేదారుకు, దశరథానికి అది పాతగుడ్డే. దేవవ్వ దాన్ని వేళ్ల మధ్య పెట్టి రుద్దింది. ఆకుపచ్చ మీద పసుపు చుక్కలు బయటపడ్డాయి. అది ఆడవాళ్ల చీర అంచు. మొన్నమొన్న, ఆంధ్రప్రదేశ్ అయిన ఏడు, సహకార సంఘంవాళ్లు కొత్తగా నేయించిన అంచు. గోదారి అవతలి సంతల్లో ఆడవాళ్లు ఇష్టపడి కొంటారని చెబితే దేవవ్వే ఎన్ని చీరలు నేసిందో. సిద్దిరాములు పోయిన నాటికి ఆ అంచు పుట్టనే లేదు.

పట్టీని ఇనుప కడియానికి దారంతో బిగించి ఉంది. చుట్లు అందరూ చుట్టేదానికి ఎదురు తిరిగి ఉన్నాయి. అలా చుట్టే చెయ్యి ఆమెకు ఒక్కటే తెలుసు.

"యాడ దొరికింది సారూ?" అంది.

"బండకు మేకు కొట్టి తగిలిచ్చి ఉండె. మూతికి మైనం బెట్టి మంచిగ దాచిండు. పాపం, ఆడ దాచి యాడనో పానం ఇడిసిండు."

మైనం పెట్టి దాచినవాడు తీరిక ఉన్నవాడు. చీర చింపి పట్టీ కట్టుకున్నవాడి ఇంట్లో చీర కట్టే మనిషి ఉంది. పడవెక్కితే పావుపూటలో రాగలిగినవాడు రాలేదు. దేవవ్వకు ఏడుపు రాలేదు. ముందు కోపం వచ్చింది, ఒళ్లంతా మండింది. తర్వాత అదీ చల్లారి, ఎన్నడూ ఎరగనంత అలసట కమ్ముకుంది. ఎక్కడైనా, ఆ ఠాణా అరుగు మీదైనా, పడి నిద్రపోవాలనిపించింది.

"ఆయనదే," అంది.

"ఎప్పుడు పోయుంటడంటవ్?"

"గప్పుడే. రజాకార్ల కాలంలనే."

జమేదారు వేలిముద్ర వేయించుకున్నాడు. దశరథం తన అన్న తుపాకి మీద చెయ్యి వేసి చిన్నపిల్లవాడిలా ఏడ్చాడు. దేవవ్వ అతని వీపు నిమిరింది గాని నిజం చెప్పలేదు. చచ్చిన అన్నకోసం ఏడ్చే అదృష్టం అతనికైనా ఉండనీ అనుకుంది.

ఇల్లు చేరేసరికి కబురు ముందే వచ్చి వాడంతా గుమిగూడింది. పెద్దామె కిష్టవ్వ గాజులు తీయడానికి దగ్గరికొస్తే దేవవ్వ తానే చేతులు చాపింది. రేపటి నుంచి ఏ మగ్గానికీ తన పసుపు అక్కర్లేదని తెలుసు. అది తలచుకున్నప్పుడు మాత్రం కళ్లు చెమర్చాయి.

"ఏడువు బిడ్డా, మనసు అలకనైతది," అంది కిష్టవ్వ.

దేవవ్వ లేచి లోపలికి నడిచి మగ్గం దగ్గర ఆగింది. సగం నేసిన చీర మగ్గం మీద అట్లాగే ఉంది. ఆకుపచ్చ అంచు, పసుపు చుక్కలు.

"దశరథం, గీ తాడు కుడిదిక్కు కట్టు."

దశరథం కళ్లు తుడుచుకుంటూ వచ్చాడు. "గిప్పుడా వదినె? కర్మ కానియ్యి. అన్న చేత్తోని కట్టుకున్నది గదా."

"గిప్పుడే కట్టు," అంది దేవవ్వ. "రెక్క గుంజుతాంది."