జడకోలాటం నేర్పిన గురువుగారు

బరంపురం ఇంకా మద్రాసు ప్రెసిడెన్సీలో ఉన్న రోజులు. మా తెలుగు కుర్రాళ్లకు ఒక శనివారం, ఆదివారం జడకోలాటం నేర్పించారు. పైనుంచి వేలాడే తాళ్లు పట్టుకుని, ఆడుతూ జడగా అల్లాలి. ఒక్కడు దారి తప్పితే అంతా చిక్కుపడుతుంది.

చిక్కుపడ్డప్పుడల్లా గురువుగారు కండువాతో ముఖం తుడుచుకుని, "ఎవుడు సేసినాడని అడక్కండి. అందరూ ఎనక్కి ఆడండి, అదే ఇడిపోద్ది," అనేవారు.

ఆదివారం మధ్యాహ్నానికి అందరం అలిసిపోయాం. సాయంత్రం పెద్దల ముందు ఆడాలి. మళ్లీ చిక్కు పడింది. తప్పు నాదే. విసుగులో, నా పక్క తాడు పట్టుకున్న అంకులి అనే పల్లె కుర్రాణ్ణి చూపించి, "ఈడే, గురువుగారూ!" అన్నాను.

"ఏరా, తాడట్టుకున్నావా, గేదెనట్టుకున్నావా?" అన్నాడొకడు. అందరూ నవ్వారు. అంకులి కుర్రాడు తాడు వదిలేసి వెళ్లిపోయాడు. గురువుగారు పిలిచినా ఆగలేదు.

ఆ తాడుకు మరో మనిషి లేక, సాయంత్రం గురువుగారే మోకాళ్ల నొప్పితోనే నా పక్కన ఆడారు. నేను మధ్యాహ్నం తప్పిన చోటు వచ్చిన ప్రతిసారీ, ఎవరికీ వినబడకుండా, "ఇటు నాయనా, ఇటు," అన్నారు.

ఆయన చూశారన్నమాట. చూసీ నన్నొక్క మాట అనలేదు. తప్పు నాదని ఆ కుర్రాడికి నేనే వెళ్లి చెప్తానని ఎదురు చూశారేమో. అంకులి మా ఊరికి పక్కనే. నేను వెళ్లలేదు.