పెడల్ బోటులో అవ్వ

ఈ రోజు నిర్మల్ దాటాక గుట్టల మధ్య ఉన్న డ్యాములో మా అవ్వతో, అంటే అమ్మతో, కలిసి పెడల్ బోటు ఎక్కాను.

మా ఇంటివాళ్లు వానాకాలం జలపాతానికి, చలికాలం గుట్టలకు, ఎండాకాలం డ్యాముకు వెళ్తారు. ఎక్కడికి వెళ్లినా కోడికూర అక్కడే వండాలి. వండేది అవ్వే. నీళ్లను ఆమె ఎప్పుడూ పొయ్యి పొగలోంచే చూసింది. అందుకే కూర ఉడుకుతుండగానే రెండు టికెట్లు తెచ్చి, చెయ్యి పట్టుకుని లాక్కెళ్లాను.

కొంతదూరం పోగానే కింద చక్రానికి నాచు చుట్టుకుని బోటు ఆగిపోయింది. ఎంత తొక్కినా కదల్లేదు. నాకు భయమేసింది. అప్పుడే ఒడ్డున పొయ్యి దగ్గర్నుంచి మా నాన్న, బాపు, ఫోన్ చేశాడు.

“మీ అవ్వను జల్ది రమ్మను. కూర అడుగంటుతుంది.”

“బోటు ఇరుక్కుంది బాపు. కదుల్తలేదు.”

“మరి గరిటె ఎవరు తిప్పాలె?”

ముందుకూ వెనక్కూ తొక్కగా తొక్కగా నాచు ఊడింది. ఒడ్డు వైపు తిప్పబోతే అవ్వ నా మోకాలి మీద చెయ్యి పెట్టింది.

“జర ఆగు బిడ్డా. గా గుట్ట నీళ్లల్ల ఎట్ల కనవడ్తుందో చూడనియ్యి.”

ఫోన్ మళ్లీ మోగింది. “ఊడిందా?” అన్నాడు బాపు.

నేను సిస్టర్ల బడిలో పదేళ్లు చదివాను. అబద్ధం పాపమని అక్కడ రోజూ చెప్పేవాళ్లు. అవ్వ గుట్టనే చూస్తోంది.

“ఊడలే బాపు. నువ్వే జర తిప్పు.”

మధ్యాహ్నం అందరం మాడిన కూర తిన్నాం. తిప్పింది బాపు కదా, కూర మాడిందన్న మాట ఎవరూ ఎత్తలేదు.

నేను చేసింది తప్పే అంటే ఒప్పుకుంటాను. కానీ నా చోట మీరుంటే ఫోన్‌లో ఏం చెప్పేవారు?